కింది బటన్ నొక్కినవాడి పెళ్లిచూపులు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టానని నన్ను తెల్లదొరల కాలంనాటి ముసలివాడిగా లెక్కెయ్యకండి. నేను చెప్పేవి మొన్నమొన్నటి రోజులే. అప్పటికే అందరి చేతుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి. కాకపోతే చెవిలో గింజంత హెడ్‌సెట్ పెట్టుకుని గాలితో మాట్లాడుకుంటూ పోయేవాణ్ణి బళ్లారి జిల్లా మా హచ్చొళ్ళిలో జనం ఇంకా తలతిప్పి చూసేవాళ్లు. అలా చూడాలనే నాకా గింజల మీద మోజు. ఆ మోజు నన్ను ఎక్కడికి ఈడ్చుకుపోయిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. (మా ఇంటావిడ ఇది చదువుతుంది. మంట బ్లూటూత్ మీదే, ఆమె మీద కాదు. ముందే రాసి పెడుతున్నాను.)

నా చదువు ఏడో తరగతితో సరి. క్లాసులో అయ్యవారు మాట్లాడేటప్పుడు నేనూ మాట్లాడేవాణ్ణి. ఇద్దరిలో ఒకరు బయటికి పోవాలి కదా, నేనే పోయాను. పోయి పోయి ట్రాక్టర్ ఎక్కాను. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడినవాళ్ల ఊళ్లను మావైపు క్యాంపులంటారు. అలాంటి క్యాంపు రైతు ఒకాయన దగ్గర డ్రైవర్ పని. నా ఫోన్ ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతుంది, నేను చదివిందేమో కన్నడ బడిలో. ఆ చిక్కు తీర్చడానికి మా మేనమామ ఒక సూత్రం కనిపెట్టాడు. "ఒరేయ్ అల్లుడా, ఫోన్ ఏమన్నా అడిగితే రెండు బటన్లు వస్తాయి. పైదాన్ని ముట్టుకోవద్దు. సుమ్నే, ఊరికే కిందదాన్ని నొక్కు. ఏ తంటా ఉండదు" అన్నాడు. ఆయన ఒకసారి పైబటన్ నొక్కితే ఎవరిదో పెళ్లిపాట కాలర్ ట్యూన్‌గా అంటుకుని, చావు కబురు చెప్పడానికి ఫోన్ చేసినవాళ్లకు కూడా బాజాభజంత్రీలు వినిపించాయి. ఆ దెబ్బతో పుట్టిన సూత్రమది. నేను వేదంలా పాటించాను.

అంతలో తెక్కలకోట నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి బళ్లారిలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఫోటో చూసి మా ఇంట్లో అందరూ సరేనన్నారు. (నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంకా గట్టిగా అనేవాణ్ణి.) ఆ అమ్మాయి మాత్రం ఒక షరతు పెట్టింది. ఇంటికొచ్చి మిక్చరు తిని పోయే చూపులు ఆమెకు వద్దట. పనిలో ఉన్నప్పుడు మనిషిని చూడాలట, మధ్యాహ్నం భోజనం వేళ తనే వీడియో కాల్ చేస్తుందట. ఆమె కోసమే బళ్లారి కౌల్ బజార్‌కు పోయి కొత్త హెడ్‌సెట్ తెచ్చాను. ఫోన్‌లోని కాలింగ్ యాప్ మా చెల్లెలు ఎప్పుడో వేసిపెట్టింది. హెడ్‌సెట్ తగిలించగానే ఆ యాప్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. మామ గుర్తొచ్చాడు. కింద నొక్కాను.

ఆమె కాల్ చేసిన వేళకు నేను నాట్లకు ముందు మడిలో దమ్ము చేస్తున్నాను. అలాంటప్పుడు ట్రాక్టర్ ఆపితే ఇనుప చక్రాలు బురదలో దిగబడతాయి. అందుకే ఇంజిన్ ఆపకుండా, స్టీరింగ్ ముందు ఫోన్ నిలబెట్టి, చెవుల్లో గింజలు సర్దుకుని, జుట్టు దువ్వుకుని ఎత్తాను. తెర మీద ఆమె పెదవులు కదులుతున్నాయి. నా చెవుల్లో మాత్రం శ్మశానం. ఒక్క మాట లేదు. ఆమె గొంతు ఫోన్ స్పీకర్‌లోంచి వస్తోంది, దాన్ని ఇంజిన్ మింగేస్తోంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. 'వినపడలేదు' అంటే మొదటి రోజే చెవిటివాడనుకుంటుందేమోనని భయపడి, ఆమె పెదవులు ఆగినప్పుడల్లా చిరునవ్వుతో "ఆఁ... ఆఁ" అన్నాను. చివర్లో తల కూడా ఊపాను. ఆమె కళ్లు పెద్దవి చేసి ఫోన్ పెట్టేసింది. సిగ్గుపడిందనుకున్నాను!

సాయంత్రం మామ బురదకాళ్లతోనే ఇంట్లోకి వచ్చి పడ్డాడు.

"తాగుతావా అంటే ఆఁ అంటివంట? పెండ్లయినాక పని మానిపిస్తావా అంటే ఆఁ అంటివంట? కోపమొస్తే కొడతావా అంటే నగుతా తలకాయ ఊపితివంట గదరా!"

"నాకు ఇనపడల్యా మామా!"

"ఇనపడకపోతే నోరు ముయ్యాల. వాళ్ల నాయన ఏమన్నాడో తెల్సా? పిల్లోడు నిజమే చెప్తాడప్పా, అదే మాకు భయం అన్నాడు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే బస్సెక్కి కౌల్ బజార్‌లో దిగాను. ఆటోలను తోసుకుంటూ పోయి ఆ హెడ్‌సెట్‌ను దుకాణం భాయ్ ముందు గిరాటేశాను. "నా పెండ్లి చెడగొట్టింది భాయ్ నీ సామాను!" అన్నాను. భాయ్ తాపీగా దాన్ని తన ఫోన్‌కు తగిలించి పాట పెట్టాడు. ఖంగుమంది. నా ఫోన్‌కు తగిలించి మామూలు కాల్ చేశాడు. అదీ ఖంగుమంది.

"పీస్ ఖరాబ్ లేదు భాయ్, పాట వస్తాంది, కాల్ వస్తాంది. ఇంగేం కావాల నీకు?"

"యాప్‌లో రాల్యా అంటాండాను గదా!"

"ఆ యాప్ నేను అమ్మినానా? చెవులు చూపించుకో, పో" అన్నాడు, చెవి డాక్టర్ ఆ సందు చివరే ఉన్నట్టు.

ఆ మాటతో నాకు బజారంతా ఎర్రగా కనిపించింది. హెడ్‌సెట్ లాక్కుని బస్టాండ్ అరుగు మీద కూలబడ్డాను. దాన్ని ఆపి, తిరిగి వేశాను. జత విడగొట్టి మళ్లీ కలిపాను. ఫోన్ చచ్చి బతికేదాకా బటన్ పట్టుకున్నాను. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. అది మళ్లీ ఇంగ్లీషులో ప్రశ్నలు మొదలెట్టింది, పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడు చదివి చెప్పాడు. మైకు వాడుకోనా? కెమెరా వాడుకోనా? దగ్గరున్న పరికరాలతో కలవనా? ఫోన్ మీద కోపం, భాయ్ మీద కోపం, అన్నిటికన్నా మామ మీద కోపం. "వాడుకో! కలువు! దేనితో కలుస్తావో కలువు పో!" అని అరుస్తూ వరసగా పైబటన్లే పొడిచాను. అదే యాప్‌లో చెల్లెలికి కాల్ చేస్తే దాని గొంతు సన్నగా, తియ్యగా నా చెవిలో పలికింది. అంటే, ఆ హెడ్‌సెట్‌ను కలుపుకోనివ్వమని యాప్ మొదటిరోజే అడిగింది. వద్దన్నది నేనే. చేయించింది మామ సూత్రం! ఆ పూట మామ బస్టాండ్‌లో కనిపించి ఉంటే ఈ కథ పోలీసు స్టేషన్‌లో ముగిసేది.

మామ కాళ్లావేళ్లా పడితే అమ్మాయి ఇంకొక్కసారి మాట్లాడతానంది. మధ్యలో కాల్ తెగినా, మళ్లీ తలకాయ ఊపినా ఇక తెక్కలకోట వైపు చూడొద్దని కబురు. ఈసారి నేను తెలివిగా బండి గట్టు మీద ఆపి, ఇంజిన్ కట్టేసి, గింజలు పెట్టుకుని కూర్చున్నాను. మడిలో ఆడవాళ్లు వరి నాట్లు వేస్తున్నారు. పొద్దున్నుంచీ వాళ్ల కోసం నా ఫోన్‌లోంచి ట్రాక్టర్ మీది సౌండ్ బాక్సులో పాటలు పెట్టాను. మావైపు ట్రాక్టర్‌కు బ్రేకు లేకపోయినా పర్లేదు, బాక్సు ఉండాలి. పాటలు ఆపాను గానీ బాక్సు ఆపించలేదు. కాల్ వచ్చింది. ఎత్తాను. దేనితో కలుస్తావో కలువు పో అన్నాను కదా, ఫోన్ ఆ మాట మనసులో పెట్టుకుంది. నా చెవిలోని గింజను వదిలేసి, నెత్తిమీది బాక్సుతో కలిసింది.

"ఈ పొద్దన్నా ఇనపడతాందా?" అని ఆమె గొంతు మడి దాటి కాలువ గట్టుకు కొట్టుకుని తిరిగొచ్చింది. కొంగలు లేచాయి. నాట్లు ఆగాయి. బాక్సు బటన్ నొక్కి ఆపేద్దామంటే దొంగల భయానికి క్యాంపాయన దానికి ఇనుప జాలీ బిగించి తాళం వేశాడు, తాళంచెవి ఆయన మొలతాడుకు. ఫోన్‌లో ఏదైనా ముట్టుకుంటే కాల్ తెగుతుందని భయం. పళ్లు పటపట కొరుక్కుంటూ జాలీని ఒక్క తన్ను తన్నాను. నా కాలే వాచింది.

"చెప్పు. తాగుతావా?" అంది బాక్సు.

నేను నోరు తెరిచేలోపే నాట్లవాళ్లను నడిపే మేస్త్రక్క నడుం పైకెత్తి, చేతిలో నారుకట్ట ఊపుతూ అరిచింది. "ఎవురమ్మా? తెక్కలకోట పిల్లేనా? వాడు తాగడమ్మా! మేం తెచ్చుకున్న బిందెలో నీళ్లు తాగుతాడు, అంతే!"

బాక్సు నవ్వింది. ఊరంత నవ్వు. "అక్కా, కొడతాడా?"

"మనుషుల్ని కొట్టడు తల్లీ. బండిని తంతాడు, ఫోన్‌ను తిడతాడు. ఇప్పుడే పెట్టెను తన్ని కాలు పట్టుకోని కుంటుతాండాడు, సూడు!" మడి మడంతా గొల్లున నవ్వింది.

"నా పని మానిపిస్తాడా అక్కా?"

మేస్త్రక్క ఈసారి నా వైపు తిరిగింది. "అది మాకు గొత్తిల్లమ్మా, తెల్దు. వాణ్ణే అడుగు" అంది. అంతమంది ఆడవాళ్లు మోకాలి లోతు బురదలో నారు పట్టుకుని నన్నే చూస్తున్నారు. వాళ్ల పని మానిపించేవాడు ఎవడున్నాడు!

"మానిపించను" అన్నాను.

"ఇనపడల్యా" అంది బాక్సు.

"మానిపించను!" అని అరిచాను. కాలువ అవతలివాళ్లు కూడా తలెత్తి చూశారు.

పెళ్లయింది. ఆమె ఉద్యోగం బళ్లారిలోనే, బస్సులో పోయొస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళ కాల్ చేస్తుంది, ఆ గొంతు ఇప్పుడు బుద్ధిగా నా చెవిలోనే పలుకుతుంది. ఈ రానుపోను బస్సులెందుకని నేనెప్పుడైనా విసుక్కుంటే "మేస్త్రక్కకు కాల్ కలపనా?" అంటుంది. అంతే, నేను నోరు మూసుకుంటాను.

బ్లూటూత్ మీద నా కోపం చల్లారలేదు. కాకపోతే గట్టు మీద బండి ఆపి అన్నం తినేటప్పుడు అప్పుడప్పుడూ ఒక మాట గుర్తొస్తుంది. మొదటి రోజే 'వినపడలేదు, మళ్లీ చెప్పు' అని ఉంటే ఆ మూడు ప్రశ్నలకూ నేనొక్కణ్ణే, చెవిలో గింజతో, గుసగుసగా జవాబు చెప్పేవాణ్ణి. అంత గుసగుసగా చెప్పినదాన్ని ఇన్నేళ్లు నిలబెట్టుకునేవాణ్ణా? ఆ చిరునవ్వుతో తలూపిన వెర్రివాణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. తర్వాత గింజలు తీసి జేబులో వేసుకుని, ఆమె కాల్‌ను బాక్సుకే కలుపుతాను. మడిలోంచి మేస్త్రక్క నాకంటే ముందే "బాగుండావా తల్లీ?" అంటుంది.