పిల్లి మింగిన తోరం

శ్రావణ శుక్రవారం నాడు పసుపులో తడిపిన నూలు పోగుల వాసన తగిలితే చాలు, ఇంటిల్లిపాదీ బూరెల కోసం వంటింటి చుట్టూ తిరుగుతుంటే, నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా సిగ్గుతో తల దించుకోవాలనిపిస్తుంది.

మా నాన్న రాయ్‌పూర్ రైల్వేలో గార్డు. విజయనగరం నుంచి వచ్చిన మా బోటి కుటుంబాలు ఒకే వరసలో ఉండే ఆ క్వార్టర్లలో, వానకి నానిన బొగ్గు వాసన, వసారాలో ఎంతకీ ఆరని చీరలు, వెనక వీధిలోంచి వినిపించే ఛత్తీస్‌గఢీ పాటలు, వరలక్ష్మీ వ్రతం నాడు అన్నిళ్ల నుంచీ ఒకేసారి లేచే శనగల తాలింపు ఘుమఘుమ, ఇవన్నీ కలిస్తే నా తొమ్మిదో ఏటి శ్రావణం. ఆ వానల్లోనే బొగ్గుల కొట్టులో ఒక పిల్లికూన దొరికింది. మసి అని పేరు పెట్టి చంకనేసుకు తిరిగేదాన్ని.

వ్రతం నాడు అమ్మ నా సన్నటి చేతికి మూడు చుట్లు తిప్పి తోరం కట్టింది. విప్పాక దాన్ని చెట్టు మొదట్లో వేయాలే గానీ ఆటలాడకూడదు. నేను మర్నాడే విప్పి, బూరెల నెయ్యి అంటిన ఆ పోగుల్ని మసి ముందు ఆడించాను. అది నాకుతూ నాకుతూ మింగేసింది.

రెండు రోజులకి మసి తిన్నదంతా కక్కి, తర్వాత పచ్చటి నురగ కక్కి, వీపు గూనిలా వంచి మూల కూర్చుంది. పొట్ట మీద చెయ్యేస్తే కసిరేది. నాన్న పశువుల ఆసుపత్రి కాంపౌండరుని పిలుచుకొచ్చాడు. కాలనీ ఆవులన్నిటికీ ఆయనే దిక్కు. పొట్టను వేళ్లతో నెమ్మదిగా తడిమి, పేగు ఒకచోట ముద్దకట్టినట్టుందని, తిండి అడ్డుపడితే ఆముదం చాలని, దారం గానీ మింగి ఉంటే మాత్రం ఆముదం పోయకూడదని, పేగు తెగిపోతుందని, పెద్ద డాక్టరు చేత పొట్ట కోయించి తీయించాల్సిందేనని చెప్పాడు. నోరు తెరిచి చూడబోతే మసి ఆయన చెయ్యి కొరికింది. అప్పుడు నావైపు తిరిగి, దారమేమైనా మింగిందా అని అడిగాడు.

"బిటియా, ధాగా తో నహీ నిగ్లా?"

"నహీ," అన్నాను. అమ్మ అక్కడే ఉంది. తోరంతో ఆడానని తెలిస్తే వీపు చిట్లగొడుతుందని, అంతే నా భయం.

ఆముదం పోశారు. మర్నాడు మధ్యాహ్నానికి మసి తల కూడా ఎత్తలేదు. నీళ్లు పోద్దామని అమ్మ దాని నోరు తెరిస్తే, నాలిక కింద పసుపు పోగు చుట్టుకుని ఉంది. అమ్మ నా బోసి చేతికేసి చూసింది.

"ఆయన అడిగినప్పుడు నువ్వక్కడే ఉన్నావు గదే," అంది. "నాన్నకి నువ్వే చెప్పు."

కొట్టలేదు. సాయంత్రానికి మసి చచ్చిపోయింది. నేను చెప్పలేదు, అమ్మ రెండోసారి అడగలేదు. ఆవుల్ని చూసేవాడికి పిల్లుల సంగతేం తెలుస్తుందని, ఆముదం పోసి చంపాడని నాన్న వరసంతా చెప్పుకొచ్చాడు. చాలా ఇళ్లవాళ్లు ఆయన్ని పిలవడం మానేశారు. వింటూ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, బొగ్గుల కొట్టు లేదు, అమ్మా నాన్నా లేరు. కాంపౌండరు పేరైనా నాకు తెలియదు. మనవరాలు తోరానికి చెయ్యి చాపుతుంది, నేను ముడి వేస్తుంటే ఒక్కటే గుర్తొస్తుంది. మసి పోయిన కొన్నాళ్లకి ఆయన మా గుమ్మం ముందు సైకిలు దిగి, కాటు ఇంకా మానని చేత్తో నా తల నిమిరి, బతికించలేకపోయానని, "మాఫ్ కర్నా, బిటియా," అన్నాడు.

నేను తలూపాను, క్షమించినదానిలా.