సీకాయతో టైరు కడిగిన మేస్త్రీ

నాయుడుపేట మోటారు మేస్త్రీ పోయారన్న కబురు నాకు సంగం ఊళ్లో అందింది. పెన్న ఒడ్డున పందిరి వేసి మూడు రోజుల సువార్త కూడికలు పెట్టుకున్నాం. రెండో రోజు ఉదయం, నేను గొంతు బాగా హెచ్చించి ఉన్న సమయంలో, కట్ట మీద ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు నాకు తెలిసినవాడే. అతను పందిరి చివర నిలబడి, నేను ఊపిరి తీసుకునేదాకా ఓపిక పట్టి, "అయ్యగారూ, మన మేస్త్రీ పోయినాడు. మూడు దినాల జొరమే" అన్నాడు. చేతిలోని గ్రంథం మూసి అక్కడే కూర్చుండిపోయాను. ప్రసంగం సగంలో ఆపడం నాకు అలవాటు లేదు. "మీ మోటారుకు బ్రేకులుండాయి అయ్యగారూ, మీకే లేవు" అని పదేళ్లుగా నన్ను ఆటపట్టించిన మనిషి ఆయన. ఆ ఉదయం నాకు బ్రేకు వేసిందీ ఆయనే.

నేను వెళ్లేసరికి మట్టి చేయడం అయిపోయింది. తడి ఆరని ఆ మట్టి మీద ఇంకొక గుప్పెడు వేసి, నాకు తెలిసిన ప్రార్థన నేను చేసుకుని వచ్చాను. ఆయన మన సంఘం మనిషి కాదు. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసి మసీదుకు పోయే మనిషి. అలాంటివారి గురించి మన పత్రికలో రాయడమేమిటని సహోదరులెవరైనా అడిగితే, నా జవాబు ఈ కింద ఉంది. చదివాక కూడా అడగాలనిపిస్తే నెల్లూరులో నా ఇంటి తలుపు తీసే ఉంటుంది, రండి.

ట్రంకు రోడ్డు పక్కన తాటాకుల పంచలో ఉండేది ఆయన కొట్టు. బోర్డు లేదు. ఇంజను విప్పితే ప్రతి నట్టునూ విప్పిన వరసలో కొబ్బరి చిప్పల్లో పెట్టేవారు, బిగించేటప్పుడు చివరి చిప్ప నుంచి వెనక్కు వచ్చేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, రెండో కొన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే ఎడమ చేయి పైకి లేచేది. నేను ఎన్ని పందిళ్లలో ఎంతమందిని నిశ్శబ్దంగా ఉండమని బతిమాలానో! ఆయన ఒక్క చేయి ఎత్తితే లారీ డ్రైవర్లు కూడా నోరు మూసేవారు. మోటారు పాడైపోయిందంటే ఒప్పుకునేవారు కాదు. "అలిగింది అనండి, అడిగితే చెప్తాది" అనేవారు.

ఆయనతో నా పరిచయం నా పాపం వల్ల జరిగింది. దాచుకోవడానికేమీ లేదు, ఊరంతా విన్నదే.

అప్పటికి నేను సైకిలు మానేసి మోటారు సైకిలు ఎక్కి మూడు నెలలు. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత బండి అది. దాని మీద దక్షిణాన తడ దాకా, సముద్రపు పల్లెలన్నీ తిరిగి వాక్యం చెప్పేవాణ్ణి. బడిలో చదివింది తక్కువ. గ్రంథం ఎలా సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నానో, మోటారు తోలడం కూడా అలాగే నేర్చుకున్నాను. గ్రంథం విషయంలో నా తప్పులు దిద్దడానికి పెద్దలున్నారు. మోటారు విషయంలో ఎవరూ లేరు.

ఆ వేసవి చిట్టమూరు అవతల ఒక పల్లెలో, కళ్లంలో కూడికలు పెట్టాం. మోటారు ఎండలో ఉంటుందని, ఎద్దుల బండి తోలే ఒక పెద్దాయన తన కొట్టంలో చోటిచ్చారు. ఆయన మన కూడికకు వచ్చే మనిషి కాదు. దూరంగా గట్టు మీద కూర్చుని వినేవారు, పూటపూటకూ చెంబుతో మజ్జిగ పంపేవారు. ఊరి ధాన్యమంతా నాయుడుపేటకు చేర్చేది ఆయనే. బస్తా నోరు కుట్టకపోయినా ఫరవాలేదు, ఆ బండిలో వేస్తే గింజ తగ్గదని ఊళ్లో అనుకునేవారు.

మూడు రోజులు మోటారు కదల్లేదు. నాలుగో రోజు పొద్దున బయల్దేరేముందు సీటు కింది ఆయిలు ట్యాంకులో పుల్ల పెట్టి చూశాను. కొన మాత్రమే తడిసింది. వచ్చినప్పుడు నిండుగా ఉంది. కింద నేల మీద ఒక చుక్క లేదు. ఎటు పోయింది? తల తిప్పితే పక్కనే పెద్దాయన బండి. ఇరుసుకు అప్పుడే కొత్తగా వేసిన కందెన, నల్లగా నిగనిగలాడుతోంది. పెద్దాయన చేతులు మోచేతుల దాకా నలుపు.

సహోదరులారా, నేను ఆయన్ను ఒక్క మాట అడగలేదు. నా దగ్గరున్న డబ్బా ఆయిలు ట్యాంకు మూతిదాకా పోసి, నేరుగా కళ్లానికి వెళ్లి, వేదికగా వేసిన నులక మంచమెక్కి, చివరి ప్రసంగం ఎనిమిదో ఆజ్ఞ మీద చెప్పాను. దొంగిలించకూడదన్న ఆజ్ఞ అది. పేరు చెప్పలేదు. చెప్పకపోవడం ఏదో గొప్పనుకున్నాను. కానీ ఇరుసు అన్నాను, కందెన అన్నాను, వేలితో గట్టు వైపు చూపించాను. జనమంతా అటు తిరిగారు. పెద్దాయన లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకుని, తలవంచుకుని వెళ్లిపోయారు. అది చూసి నా వాక్యం నాటుకుందని సంతోషించాను. అదీ నా సంగతి.

ఐదు మైళ్లు పోలేదు. కాలువ తూము దగ్గర మలుపులో వెనక చక్రం ఒక్కసారిగా పక్కకు పోయింది. నేను కాలువ గట్టు బురదలో, మోటారు నా పక్కన. సంచిలోని గ్రంథానికి మాత్రం తడి తగల్లేదు. లేచి చూస్తే వెనక టైరు తలంటుకు కూర్చున్న పిల్లలా ఆయిలు కారుతోంది. తుడిచాను, ఇసుక చల్లాను, మళ్లీ ఎక్కాను. రెండు ఫర్లాంగులకు మళ్లీ అంతే. ఇక తోసుకుంటూ నడిచాను.

వెనక నుంచి గంటల చప్పుడు వినిపించింది. పెద్దాయన బండి. బండి ఖాళీగా ఉంది. ఆ రోజు ఎక్కించాల్సిన బస్తాల ఆసామి, నా ప్రసంగం విన్నాక, రేపు చూద్దాంలే అన్నాడట. ఊళ్లో బాడుగ లేక, నాయుడుపేటలోనన్నా దొరుకుతుందేమోనని బయల్దేరారు. నా మోటారు పట్టడానికి ఆ బండిలో చోటు చేసింది నా నోరే.

ఆయన నన్నూ, టైరునూ చూశారు. బండి ఆపారు. పక్క పొలంలోని కోత కూలీలను పిలిచి మోటారు ఎత్తించి, కట్టి, "ఎక్కండి" అన్నారు. నాయుడుపేట దాకా ఎద్దులతోనే మాట్లాడారు. దొంగ అన్నవాడి వీపు చూస్తూ అంతసేపు ప్రయాణం చేయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అప్పటికీ నేను ఆయన్ను దొంగనే అనుకుంటున్నాను, దానికి తోడు మంచితనం కూడా ఉన్న దొంగ అని!

మేస్త్రీ కొట్టు ముందు దించారు. మేస్త్రీ ఏదీ విప్పలేదు. టైరు మీది ఆయిలు వేలికి రాసుకుని వాసన చూశారు. ఎన్ని దినాలు నిలబెట్టినారు అని అడిగారు. మూడు అన్నాను. ఆయిలు చూసింది ఇంజను లేపక ముందా, లేపినాకా అన్నారు. ముందే అన్నాను. ఎంత పోసినారంటే, డబ్బా మొత్తం అన్నాను. మేస్త్రీ నేల మీద కూలబడి, తల మీది టోపీ ఊడి పడేదాకా నవ్వారు.

"నిలబెట్టేస్తే పైనుండేది మెల్లంగా దిగి ఇంజను అడుగున కూర్చుంటాది అయ్యగారూ. యాడికీ పోదు. నిద్దర లేపినారంటే పంపు దాన్ని మళ్లా పైకి తోస్తాది. మీరు పైన నిండా పోసేసుంటే దానికి చోటేది? ఇదిగో, ఈ గొట్టంలోంచి టైరు మీదికి వస్తాది." ట్యాంకు మూత తీసి చూపించారు. అంత కారిపోయాక కూడా మూతిదాకా ఉంది. "లేపినాక చూడాల. నిద్దర పోయేదాన్ని చూసి లెక్క కట్టకూడదు."

ఎవరూ ఒక్క చుక్క తీయలేదు. ప్రసంగం సంగతి మేస్త్రీకి చెప్పేశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. ఎద్దులకు గడ్డి వేస్తున్న పెద్దాయన వైపు చూసి, "ఈయన్నేనా మీరన్నది?" అని అడిగారు. అవునన్నాను.

"ఈయన బండిలోనే వచ్చినారా?"

దానికీ అవుననే చెప్పాను. మేస్త్రీ కింద పడిన టోపీ తీసి, దులిపి తలకు పెట్టుకున్నారు.

నేను పెద్దాయన దగ్గరకు వెళ్లి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆయన కోపగించుకోలేదు. నిదానంగా అన్నారు: "నాకు చెప్తే ఏముందయ్యా. నేను తీయలేదని నాకు ముందే తెలుసు. ఊరికి తెలియదు."

మరుసటి రోజు నాకు తడలో కూడిక ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఊరి పెద్దలకు ఒక ఉత్తరం రాసిస్తానన్నాను. "ఉత్తరానికి అంత గొంతు ఉండదు అయ్యగారూ" అన్నారు మేస్త్రీ. "ఆడ ఎంత గొంతుతో అన్నారో, అంతే గొంతుతో ఆడే చెప్పాల." అంటూనే నా మోటారు ప్లగ్గు విప్పి జేబులో వేసుకున్నారు. తడకైతే బస్సులుండాయి, పోండి. పల్లెకైతే ప్లగ్గు ఇస్తా, నేనూ వెనక కూర్చుంటా. అదీ ఆయన బేరం. నేను తలవంచాను.

తర్వాత టైరు పని. పెట్రోలుతో తుడవబోతే నా చేయి పట్టుకున్నారు, రబ్బరును తినేస్తుందని. ఇంట్లోకి కేకేసి సీకాయ పొడి తెమ్మన్నారు. ఆయన భార్య గిన్నె చేత్తో పట్టుకుని గడపలోనే నిలబడ్డారు. "నేను తలకు పోసుకోని రెండు వారాలయింది. మోటారుకు తలంటా?" అన్నారామె. "దానికి నూనె ఎక్కువైంది, నీకు కోపం ఎక్కువైంది. ముందు దాని సంగతి చూడనీ బీబీ" అన్నారు మేస్త్రీ. ఆమె నవ్వు ఆపుకుంటూ గిన్నె ఇచ్చి, వేడినీళ్లు కూడా తెచ్చారు. కొబ్బరి పీచుతో గాడిగాడికీ రుద్ది, మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, పొడి మట్టి పట్టించారు. రోడ్డున పోయేవాళ్లు ఆగి మరీ చూశారు, సాంబ్రాణి కూడా వేయమని ఒకాయన సలహా ఇచ్చాడు. చివరికి పెద్దాయన కూడా నవ్వారు. పొద్దుటి నుంచి ఆ ముఖం మీద నవ్వు చూడటం నాకు అదే మొదలు.

పెద్దాయన తెల్లవారుతూనే ముందు బయల్దేరారు. మేస్త్రీ, నేను మోటారు మీద పోయి పల్లె పొలిమేరలో ఆయన్ను కలుసుకున్నాం. మలుపుల్లో వంచొద్దని, వేగం వద్దని మేస్త్రీ నా వీపు మీద తడుతూనే ఉన్నారు. కళ్లంలో అదే మంచం వేయించుకుని ఎక్కాను. కేక వేశాను. ఇంకెవరి వంతోనని జనం అనుమానంగానే వచ్చారు.

నాలుకను గురించి గ్రంథంలో ఉన్న మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక్కటీ గుర్తు రాలేదు. సొంత మాటలే చెప్పాను. "నిన్న ఎనిమిదో ఆజ్ఞ చెప్పడానికి ఇక్కడ నిలబడి తొమ్మిదో ఆజ్ఞ మీరాను. అబద్ధ సాక్ష్యం పలికాను. ఆయిలు ఎవరూ తీయలేదు. నాకే చూడటం చేతకాలేదు. ఈ ఊళ్లో తప్పు చేసిన మనిషి ఒక్కడే, వాడు మంచమెక్కి ఉన్నాడు."

వెనక నుంచి మేస్త్రీ గొంతు: "ఇంకొంచెం గట్టిగా అయ్యగారూ. ఆ చివర అవ్వకు వినపళ్లా."

గట్టిగా చెప్పాను. జనం నవ్వారు. నా కళ్లల్లో నీళ్లు, నాకూ నవ్వొచ్చింది. నా ప్రసంగాల్లో ఇన్నేళ్లకూ దానంత చిన్నదీ లేదు, దానంత పనిచేసిందీ లేదు. పెద్దాయన తలెత్తకుండా ఎద్దు ముకుతాడు సర్దుకుంటున్నారు. ముందురోజు బస్తాలు వద్దన్న ఆసామి మెల్లగా ఆయన పక్కకు చేరి, "రేపు పొద్దన్నే కట్టుకుంటావా అన్నా బండి?" అని అడిగాడు. పెద్దాయన ముకుతాడు ముడి బిగించారు. తర్వాత తల ఊపారు.

ఆ తర్వాత పదేళ్లు ఆ కొట్టు ముందు ఆగకుండా నేను దక్షిణానికి పోలేదు. ఒకరి మీద నోరు తెరవబోయే ముందు, నువ్వు అడిగావా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. ప్రతిసారీ గెలిచానని అబద్ధం చెప్పను. కానీ ఓడిన ప్రతిసారీ మళ్లీ ఆ ఊరికే వెళ్లి, మంచమెక్కి చెప్పాను.

మేస్త్రీ అనగానే నాకు ఆ మర్నాటి ఉదయం కనిపిస్తుంది. బండి నిండా బస్తాలు, ఒక ఆసామివి కాదు, ముగ్గురివి. "మీ వెనక కూర్చుంటే నడుం పోతాది" అని మేస్త్రీ నన్ను వదిలేసి బస్తాల పైకెక్కారు. ఎవరో ఇచ్చిన తాటి ముంజలు ఒళ్లో పెట్టుకున్నారు. ముందు పెద్దాయన ఎద్దులను అదిలిస్తున్నారు. ఆ బండిని చూసినవాళ్లందరూ నన్ను కూడా చూడాలని, దాని వెనకే, ఎద్దుల నడకతో, మోటారును మెల్లగా తోలుకుంటూ వస్తున్నాను. దారిన పోయే ప్రతివాడికీ మేస్త్రీ సలాం చేస్తున్నారు. చిట్టమూరు దాటాక, బస్తాల మీద బోర్లా పడుకుని చేయి కిందికి చాచి, ఒలిచిన ముంజ ఒకటి అందించారు. నేను ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని రెండో చేయి పైకి చాచాను. ఎద్దులు ఆగలేదు, మోటారు ఆగలేదు. చల్లటి నీరు నా మోచేతి దాకా కారింది.