బోరింగు పాఠం

మదనపల్లెలో పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు దాటాక దిగితే మా బడి. నేను అక్కడ సైన్సు టీచర్ని. నా కోపం ముక్కు మీదే ఉంటుందని పిల్లలు చాటుగా అనుకుంటారు. నిజమే. ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి, నా కోపమంతా బడి ఆవరణలోని బోరింగు మీదికి మళ్లింది. చేతిపంపును మా వైపు బోరింగనే అంటారు. ఎంత కొట్టినా కీచుమనడమే తప్ప చుక్క రాలదు. పిల్లలు ఇంటి నుంచి సీసాలతో నీళ్లు మోసుకొచ్చేవాళ్లు. మధ్యాహ్నానికే అవి అయిపోయేవి.

భూగర్భ జలాల పాఠం నల్లబల్ల మీద చెప్పబుద్ధి కాలేదు. అందరినీ బోరింగు చుట్టూ కూర్చోబెట్టాను.

"వాన పడితే మన మిద్దె మీది నీళ్లు ఎటు పోతాయి?" అని అడిగాను.

"రోడ్డుకు పోతాయి మేడమ్."

"మన నీళ్లు రోడ్డుకు యాల పోవాల?" అంది ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి.

ఆ మాటతో పిల్లలు పలుగూ పారా పట్టారు. బోరింగు పక్కనే ఇంకుడు గుంత తవ్వి రాళ్లు, ఇసుక నింపారు. మిద్దె నీళ్లను అందులోకి దించే పైపులు మాత్రం మా దగ్గర లేవు.

అలాంటివి ఇచ్చే సంస్థ బెంగళూరులో ఉందని కుప్పంలో ఉండే స్నేహితురాలు చెప్పింది. వాళ్ల తరఫున ఒకాయన వచ్చారు. మంచి మనిషే, తెలుగు అంతంతమాత్రం. పిల్లలను నవ్విద్దామనుకున్నారో ఏమో, కన్నడం కలిపి, "పాఠం బోరింగా, మక్కళే?" అని అడిగారు. మక్కళే అంటే పిల్లలూ అని.

"అవును సార్, బోరింగే!" తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆయన మొహం చిన్నబోయింది. "ఇంట్రెస్ట్ లేకపోతే గుంతను ఎవరు చూసుకుంటారు మేడమ్?" అన్నారు. పైపులు చేజారినట్టే అనుకుని పిల్లల వైపు ఉరిమి చూశాను.

ముందు వరుస అమ్మాయి నన్ను లెక్కచేయలేదు. "మాకు బోరింగంటే శానా ఇష్టం సార్! రాండి, సూపిస్తాం" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లి, పంపు మీద చెయ్యి వేసింది.

"ఇదే సార్ మా బోరింగు. నీళ్లు అడుగున యాడో ఉండాయి. వాన నీళ్లు ఈడ దించితే పైకొస్తాయంట, మేడమ్ సెప్పింది."

ఆయన పంపునూ నన్నూ మార్చి మార్చి చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చేంతగా నవ్వారు. అప్పటికి గానీ నాకు నవ్వు రాలేదు.

పైపులు వచ్చాయి. వెనకే వానలూ వచ్చాయి, బాగానే కురిశాయి. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ బయట ఒకటే కేకలు. తిడదామని వెళ్లాను. పంపు నుంచి ముందు తుప్పునీళ్లు, తర్వాత తేట నీళ్లు. నా చీర సగం తడిపేశారు. ఒక్కరినీ తిట్టలేకపోయాను. బెంగళూరు ఆయనకు ఫోన్ కలిపితే నన్ను మాట్లాడనివ్వకుండా పిల్లలు ఫోన్ చుట్టూ చేరి, "సార్, బోరింగే!" అని అరిచారు.

మరునాడు పిల్లలు సీసాలను ఖాళీగా తెచ్చారు. అది చూసి నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.