గండన్న నీళ్ల సంచి

మా గండన్న తాను పరీక్షించని వస్తువును నమ్మడు. గొడుగు కొంటే ముందు స్నానాలగదిలో షవర్ కింద దాన్ని పట్టుకుని నిలబడతాడు. కుర్చీ కొంటే భార్యనూ, బావమరిదినీ ఒకరి తర్వాత ఒకరిని దాని మీద ఎగిరి కూర్చోమంటాడు. నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ డ్రమ్ములు కారుతున్నాయో లేదో చూడటం అతని ఉద్యోగం. పాపం, అతని భార్య ఉమారాణికి ఇల్లు కూడా ఆ ఫ్యాక్టరీలో భాగమే అయిపోయింది.

మమ్మల్ని కలిపింది సైకిళ్లు. 2012లో ఉప్పల్, నాచారం వాళ్లం ఆరుగురం ఆదివారం పొద్దున్నే లావు చక్రాల సైకిళ్లేసుకుని గుట్టల వెంట తిరిగేవాళ్లం. ఈ పిచ్చి మాకు అంటించింది కనకరాజు మాస్టారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి నాచారంలో లెక్కలు చెప్పే మనిషి. అంతకు ముందు వానాకాలం స్కూటర్ మీంచి పడి ఆయన ఎడమచెయ్యి విరిగింది. ఎముక అతికింది గానీ పట్టు రాలేదు. రెండు మూడు వారాలు మాతో వచ్చి చూసి, ఆపైన మానేశారు.

"ఎండ పడటం లేదయ్యా," అన్నారు. జనవరిలో ఎండేమిటని అడిగే తెలివి నాకు లేకపోయింది.

మార్చిలో కీసర గుట్ట చుట్టూ రాళ్ల బాటలో ఎనభై కిలోమీటర్లు తొక్కుదామనుకున్నాం. ఆ బాట కనిపెట్టింది మాస్టారే. ఆయన మాత్రం రాననడమే కాదు, సైకిల్ అమ్మేస్తానని గేటుకి కాగితం కూడా అంటించారు.

అంత దూరానికి సీసాలు చాలవని అందరం నీళ్ల సంచుల కోసం ఉప్పల్‌లోని ఉమామహేశ్వర్ దుకాణానికి వెళ్లాం. అది వీపుకి తగిలించుకునే సంచి. లోపల నీళ్లు పట్టే తిత్తి, దానికో గొట్టం, గొట్టం చివర పంటితో నొక్కితే నీళ్లొచ్చే మూత. నేను పది నిమిషాల్లో అన్నిటికన్నా సన్నగా, అందంగా ఉన్నది కొనేశాను. సంచిలో చూడ్డానికేముంది, రంగు తప్ప?

గండన్నకు నెలన్నర పట్టింది.

మొదటి సంచిని రుబ్బురోటి పొత్రం కింద పెట్టాడు. అది వంటింట్లో పగిలింది. రెండోదాంట్లో ఉమారాణి చేసిన తాలింపు మజ్జిగ పోశాడు. కరివేపాకు వెళ్లి గొట్టంలో ఇరుక్కుంది. మూడోదాన్ని ఎండలో వేలాడదీసి, లోపలి నీళ్లు ఇంటిల్లిపాదికీ తాగించి ప్లాస్టిక్ వాసన వస్తోందా అని అడిగాడు. వస్తోందన్నారు. పగిలిన దాన్ని అతనే ఉంచుకుని, మిగతావి తిప్పి పంపాడు.

ఉమామహేశ్వర్ నన్ను దార్లో ఆపాడు. "మీ గండన్నకు జర చెప్పన్నా. కరివేపాకు వాసన సంచి ఎవలకు అమ్మాలె నేను?"

ఒకరోజు ఉమారాణి ఫోన్ చేసింది. "అన్నా, జర వచ్చి సూడు. మీ అన్నకు ఏమో అయింది."

వెళ్లాను. గండన్న వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. వీపున నాలుగో సంచి. రెండు చేతులూ తువ్వాలుతో వెనక్కి కట్టేసి ఉన్నాయి. మెడ అటూ ఇటూ తిప్పి గొట్టాన్ని నోటితో అందుకోబోతున్నాడు. అది జారిపోతోంది.

"కట్టింది నేనే," అంది ఉమారాణి. "కట్టకపోతే అన్నం తిననన్నడు."

"అన్నా, దేవుడు రెండు చేతులిచ్చాడు కదా?" అన్నాను.

"చేతులు వెడితే ఎవడన్న తాగుతడు. గది పరీక్షెట్లయితది?" అని, "గొట్టం నోటికాడనే ఉండాలె తమ్మీ. గిది ఫెయిల్," అని తేల్చాడు.

ఐదోది పాసయింది. దాని గొట్టం వంచిన చోటే నిలబడుతుంది. తిత్తి మూత ఒంటిచేత్తో తెరుచుకుంటుంది. ఆ రెండో సంగతి తేల్చడానికి గండన్న వారం పాటు ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు. చొక్కా బొత్తాలు ఉమారాణే పెట్టింది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం సంచి తీసుకుని నన్ను మాస్టారింటికి లాక్కెళ్లాడు. గేటు మీది కాగితం వైపు కన్నెత్తి చూడలేదు.

"సార్, దీనికి ఒక్క పరీక్ష మిగిలింది. గుక్కకు ఎంత నీళ్లొస్తయి, కిలోమీటర్‌కు ఎంత ఖాళీ అయితది, గదంత లెక్క. నాకు లెక్కలు రావు. రేపు కీసరకు మీరే ఏస్కోని పోయి రిపోర్టు రాసియ్యాలె."

"ఎండ పడదయ్యా నాకు."

"ఎండల పరీక్ష అయిపోయింది సార్. నీళ్లు చల్లగనే ఉన్నయి. ఒక్కపాలి వేస్కోండి."

మాస్టారు విసుగ్గానే తగిలించుకున్నారు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించారు, హ్యాండిల్ పట్టుకున్నట్టు. మెడ కొంచెం తిప్పారు. గొట్టం అక్కడే ఉంది. ఒక గుక్క తాగారు. ఆగి, ఇంకో గుక్క తాగారు. చేతులు కదల్లేదు.

అప్పటికి నా బుర్ర వెలిగింది. రాళ్ల బాటలో సీసా అందుకోవాలంటే కుడిచెయ్యి వదలాలి. వదిలితే, పట్టులేని ఆ ఎడమచేతికి సైకిల్ అదుపులో ఉండదు. మాస్టారికి పడనిది ఎండ కాదు, దాహం. అది ఆయన చెప్పుకోలేదు. నేను అడగలేదు. గండన్న తువ్వాలు కట్టించుకున్నాడు. నాకు సిగ్గేసింది, అంతకు రెట్టింపు సంతోషమేసింది.

"గొట్టం మూత కాస్త గట్టిగా ఉందోయ్," అన్నారు మాస్టారు.

"గదే రాయండి సార్."

మర్నాడు మేడిపల్లి దాటేసరికే నా అందమైన సంచి కారి, పంట్లాం తడిసి, చూసినవాళ్లు ఇంకేదో అనుకునే స్థితికి వచ్చింది. మాస్టారు మా అందరికన్నా ముందు తొక్కుతున్నారు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి. గండన్న సైకిల్‌కి మాత్రం పాత సీసాలే రెండు వేలాడుతున్నాయి.

తిరిగొచ్చాక మాస్టారు గేటు మీది కాగితం చింపేశారు. సంచి మాత్రం తిరిగివ్వలేదు. తెలంగాణ వచ్చిన ఏడాది కూడా కీసర గుట్ట కింద గండన్న అడగడం నేను విన్నాను.

"సార్, రిపోర్టు?"

మాస్టారు ఒక గుక్క తాగి, మూత వదిలారు. "తొందరేంటోయ్? పరీక్ష ఇంకా పూర్తి కాలేదు."