లూదియక్క ఆపించిన కంతు

ఆళ్లగడ్డలో మా వీధికంతా లూదియక్క మాటే మాట. మా పొదుపు సంఘానికి ఆమే లీడరు. ఆదివారం ప్రార్థన అయ్యాక పదిమందిమీ చర్చి మెట్ల మీద కూర్చుంటే, బ్యాంకు అప్పుకు నెలనెలా కట్టే కంతు డబ్బులు తేనిదాన్ని ఇంటికి పోనిచ్చేది కాదు. "ముందు బ్యాంకోళ్ల దుడ్లు తీయండి మే, ముచ్చట్లు తర్వాత" అని కసిరేది. తొమ్మిదేళ్లు ఒక్క కంతు తప్పలేదు.

ఎన్నికలొచ్చాయి. నంద్యాల సభలో ఒక నాయకుడు, మేమొస్తే మీ అప్పులన్నీ మాఫీ, ఒక్క రూపాయి కట్టొద్దన్నాడట. సభకు పోయిన లూదియక్క బస్సు దిగుతూనే చెప్పింది. "కంతు ఆపండి మే. అంత పెద్దాయన చెప్తాంటే ఈ చెవులతో విన్నా."

ఆపేశాం. నేనూ ఆపినదాన్నే, పుణ్యాత్మురాలినేం కాను! చేతిలో డబ్బు ఆడేసరికి ఒకరు టీవీ, ఒకరు ఫ్రిజ్ వాయిదాల మీద తెచ్చుకున్నాం. ఊళ్లో అన్ని సంఘాలదీ ఇదే వరస. కంతు ఆపిన తొలి ఆరునెలలూ బజారులో ఫ్రిజ్‌ల కొట్టు తిరునాళ్లలా ఉండేది.

నాయకుడు గెలిచాడు. మాఫీ మాత్రం వస్తుంది, వస్తుంది అంటూనే ఐదేళ్లు కావొచ్చింది. బ్యాంకు కొత్త లోన్లు ఆపేసింది. అవసరానికి అప్పు తెచ్చుకుంటే, ప్రైవేటు ఫైనాన్సువాళ్లు వారం వారం వసూలుకు గుమ్మం ముందు బైకు ఆపడం మొదలైంది. వాళ్లకు కట్టడానికే సరిపోతే ఇక కొనేదెవరు? ఫ్రిజ్‌ల కొట్టు మూతపడింది.

మా సంఘంలో తిరుపాలమ్మ నల్లమల అంచు చెంచుగూడెం మనిషి. మొన్న ఆమె పెనిమిటి కాలు విరిగింది. బర్రెను కొని పాలమ్మితే తప్ప ఇల్లు గడవదు. ఆమే, లూదియక్కా, నేనూ ముగ్గురం నంద్యాల బ్యాంకుకు పోయాం.

"మీ సంఘం బాకీ పడింది. లోను రాదు" అన్నాడు మేనేజరు.

తిరుపాలమ్మ కొంగుముడి విప్పి రసీదులు బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్లవీ, నెల తప్పకుండా! "నేను ఆపలేదు సార్. వాడుకున్న దుడ్లు కట్టాల గదా. అక్క తిడ్తాదని చెప్పలేదు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఖాతా పదిమందిదమ్మా. నువ్వు కట్టింది అందరి వడ్డీకీ పోయింది" అని మేనేజరు రసీదులు వెనక్కిచ్చేశాడు.

బయట మైకు ఆటో తిరుగుతోంది. మళ్లీ ఎన్నికలు. ఈసారి ఇంకో నాయకుడు, మళ్లీ మాఫీ. తిరుపాలమ్మ ఆగి వింది. "అక్కా, ఈసారి నేను గూడా ఆపాల్నా?"

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. లూదియక్క నడిరోడ్డు మీద భోరుమంది.

"నన్ను అడగాకు తిరుపాలూ. నీ బర్రెను మింగింది ఈ నోరే."