సుగుణ మేడం తిప్పి పంపిన పేజీ

తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ వైపు మళ్లగానే జామకాయల బండి కనబడింది. బండాయన కాయను నాలుగు చీలికలు చేసి, ఉప్పూకారం అద్ది, కాగితంలో పెట్టి ఇచ్చాడు. ఆ వాసన తగిలిందో లేదో, సుగుణ మేడం పక్కన నిలబడ్డట్టే అనిపించింది. ఎం.ఏ.లో మాకు చరిత్ర చెప్పారావిడ. కష్టమైన మాట ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు చేతిలో జామ ముక్క పెట్టేవారు. ఆవిడ సంచిలోంచి కాయ తీశారంటే క్లాసులో ఎవరికో మూడిందని మాకు తెలిసిపోయేది. మేడం పోయి రెండేళ్లయింది. నాకు మాత్రం ఆ కారం నాలుకకు తగిలితే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఒకసారి ఎవరి ఊరి చరిత్ర వాళ్లను రాసుకు రమ్మన్నారు. అందులో ఊరి గొడవ ఒకటి ఉండాలి. రాసింది అవతలి పక్షం మనిషికి చదివి వినిపించి, కింద సంతకం పెట్టించుకు రావాలి. ఇదేం దిక్కుమాలిన పద్ధతి అని హాస్టల్లో అందరం తిట్టుకున్నాం. మా ఊరి గొడవ నా చిన్నప్పటిది. క్రైస్తవుల సమాధుల దగ్గరికి పోయే దారి మా చెలక గట్టు మీదుగా ఉండేది. ఏసోబు కాక వాళ్ల నాయిన చనిపోయినప్పుడు శవయాత్రను మావాళ్లు ఆ గట్టు దగ్గర అడ్డుకున్నారు. రాళ్లు పడ్డాయి. ఏసోబు కాక కుడికన్ను పోయింది. ఆయన ఊరు విడిచి మెట్టుగూడలో కూతురింటికి చేరాడు. అప్పటినుంచి ఊళ్లో రెండు వాడలకూ మాటల్లేవు. నేను ఎవరినీ నొప్పించకుండా "ఇరువైపులా రాళ్లు పడ్డాయి" అని రాశాను. ఎంత నేర్పుగా రాశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మేడం చదివి, "నువ్వు చూసినవా?" అన్నారు.

"లేదు మేడం. మా నాయిన చెప్పిండు."

"మరి కన్ను పోయినాయన ఏం చెప్పిండు?" అంటూ సంచిలో చెయ్యి పెట్టారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

సంతకం లేదని మేడం పేజీ తిప్పి ఇస్తే, మెట్టుగూడ వెళ్లాను. అల్లుడి రైల్వే క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు ఏసోబు కాక. నేను ఎవరి బిడ్డనో చెప్పగానే ఒక్క క్షణం చూసి, లోపలికి కేకేసి చాయ్ పెట్టమన్నాడు. రాసింది తీసి చదివాను. "ఇరువైపులా" అన్న దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"బిడ్డా, మా నాయిన పెట్టె మా అన్నదమ్ముల భుజాల మీద ఉన్నది. రాయి పట్టనీకె మాకు చెయ్యేడిది?"

ఎవరు విసిరారని అడిగితే, "నాకెరికే. నేను చెప్ప. మీ నాయిననడుగు" అన్నాడు. సంతకం పెట్టలేదు.

అక్కడినుంచి నేరుగా తార్నాకలో మేడం ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పి ఏడ్చాను. "ఇప్పుడిప్పుడే ఊరు సల్లబడ్డది మేడం. మీ క్లాసు కోసం మళ్ల అగ్గి పెట్టాల్నా?" అని కోపంగానే అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. "ఆయన సొంతూరిడిసి మెట్టుగూడల కూసున్నడు. దాన్ని సల్లబడుడంటరా?" అన్నారు. మళ్లీ ఆవిడే, "భయమైతే అడగకు. మార్కులేస్త. గా 'ఇరువైపులా' అన్న మాట ఒక్కటి కొట్టెయ్యి, చాలు" అన్నారు. తిడితే మొండికేసేదాన్నేమో. అలా వదిలేసేసరికి నిలవలేకపోయాను. మర్నాడు నాయినకు ఫోన్ చేసి, కాక చెప్పిందంతా చెప్పాను. అంతా విని, "ఏసోబు యాడుంటుండు?" అన్నాడు.

ఆదివారం నాయిన వస్తే మెట్టుగూడకు తీసుకెళ్లాను. సంగతి చెప్పానంతే, పిలవకుండానే మేడం కూడా సంచి నిండా జామకాయలతో వచ్చారు. నాయిన గడప దగ్గరే నిలబడిపోయాడు.

"గా రాయి నాదే, ఏసోబూ."

"నాకెరికే."

"మరి ఇన్నేండ్లు ఎవ్వలికీ చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవని చూసిన."

నాయిన గడప మీద కూలబడి ఏడ్చాడు. సిగ్గేసింది, కోపమొచ్చింది, అయినా ఆయన మీద ప్రేమ ఇసుమంతైనా తగ్గలేదు. కాక క్షమించానని అనలేదు. "దారి?" అని మాత్రం అడిగాడు. "ఇడుస్త" అన్నాడు నాయిన. నేను పాత వాక్యం కొట్టేసి, "మా నాయిన విసిరిన రాయికి ఏసోబు కన్ను పోయింది" అని రాసి చదివాను. కాక సంతకం పెట్టాడు. "నేను గూడ పెడత" అని నాయిన పెన్ను అందుకున్నాడు. మేడం గోడవైపు తిరిగి, ఎవరూ అడక్కపోయినా కాయలన్నీ కోసేశారు. ఇంతా చేస్తే ఆ పేజీకి ఆవిడ వేసింది ఇరవైకి పదకొండు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయట!

నాయిన మాట నిలబెట్టుకుని గట్టు పక్కన దారి వదిలాడు. అందుకు మా వాడలో కొందరు ఇప్పటికీ ఆయనతో మాట్లాడరు. నేను రామంతాపూర్‌లో ఒక బడిలో చరిత్ర చెబుతున్నాను. నిన్న మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, తమ బస్తీ గొడవ గురించి "రెండు వర్గాలూ కొట్టుకున్నాయి" అని రాసింది. ఆ పేజీ నా సంచిలోనే ఉంది. పక్కన ఇంకో రెండు జామకాయలు వేసుకున్నాను. రేపు ఆ పిల్ల చేతిలో ముందు ముక్క పెడతాను. ఆ తర్వాత అడుగుతాను, ఆ రోజు ఎవరి భుజం మీద పెట్టె ఉందో.