నేను కళ్లు మూసుకున్న సినిమా

గల్ఫ్‌కి వెళ్లి, అల్ ఖువైర్‌లోని ఒక ఫ్లాట్‌లో రెండేళ్లు హోమ్ నర్సుగా డ్యూటీ చేశాను. పేషెంటు ఎనభై దాటిన అమెరికన్ ఆవిడ. కూతురికి ఇక్కడి ఆఫీసులో ఉద్యోగమైతే ఆమె దగ్గరకు వచ్చేసింది. వయసులో ఉండగా నాటకాల్లో, సినిమాల్లో వేసిందట. ఆనాటి పెద్ద తారల పెళ్లిళ్లు, గొడవలు, ఆఖరి రోజులు కళ్లకు కట్టినట్టు చెప్పేది. వాళ్ల సమాధుల మీద జనం ఇప్పటికీ పూలు పెడతారట. తన వేషాల సంగతి మాత్రం ఎత్తేది కాదు.

నాకు ఆ తారలెవరూ తెలియదు. మేం విశ్వాసులం. బాప్తిస్మం తీసుకున్న రోజే ఇక సినిమాలు చూడనని దేవుడికి మాటిచ్చాను. బస్సులో సినిమా వేస్తే కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని. మంకుపట్టే అనుకోండి.

ఆవిడకు చూపు పోయింది. తను వేసిన సినిమా డిస్కు ఒక్కటే మిగిలింది. ఒక మధ్యాహ్నం మందులు వేశాక నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, నువ్వు చూసి, నేనేం చేస్తున్నానో చెప్పు. పోయేలోపు ఒక్కసారి. మా అమ్మాయినడిగితే ఏడుస్తుంది."

కాదనలేకపోయాను. డిస్కు పెట్టి, పక్కనే కూర్చుని, గట్టిగా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. చూపు లేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

కథానాయకుడి మాట ఏదో వినగానే ఆవిడ, "ఇప్పుడు వచ్చాను కదా?" అంది.

"వచ్చారు మేడమ్. ఎంత అందంగా ఉన్నారో. అందరూ మిమ్మల్నే చూస్తున్నారు."

ఆవిడ తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అక్కడ నన్నెవరూ చూడరు. ఆపెయ్యి" అంది.

సాయంత్రం అదే ఊళ్లో మత్రాలోని మా రూమ్‌కి వచ్చి, నాతో ఉండే మా వైపు నర్సమ్మాయికి చెప్పాను.

"ముసలావిడ అంతలా బతిమాలితే కళ్లు మూసుకుంటావేంటే? ఒళ్లు తుడిచేటప్పుడు మూసుకుంటున్నావా?" అంది.

నాకు నీతులు చెప్పకని కసిరాను. సిగ్గుతో తిండి సయించలేదు.

ఆవిడ మళ్లీ అడగలేదు. చూసి చెబుతానని నేనూ అనలేదు, అహం అడ్డొచ్చింది. పది రోజులకు నిమ్ము చేసి ఆవిడ పోయింది.

సామాను సర్దడానికి వెళ్లిన రోజు, కూతురు బయట ఉండగా ఆ డిస్కు పెట్టాను. మాట తప్పుతున్నానన్న భయం కూడా కలగలేదు. నాయకుడూ నాయికా మాట్లాడుకుంటుంటే పనిపిల్ల వేషంలో ఒకమ్మాయి ట్రేతో వచ్చింది. ముక్కుని బట్టి పోల్చుకున్నాను. ఒక్క మాట లేదు. వాళ్లిద్దరూ తలెత్తి చూడనైనా లేదు. ఆమె కప్పులు పెట్టి వెళ్లిపోయింది. అంతే. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను.

"ట్రే తెచ్చారు మేడమ్" అన్నాను ఖాళీ మంచం వైపు తిరిగి. "కాస్త ఒలికితే సాసరు తుడిచారు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగారు. నేను చూశాను."